రెండో రోజు ప్రేమ

మొన్న శనివారం పొద్దున్నే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పడింది. అర నిమిషం కూడా ఉండదు. మా పిన్ని కొడుకు, ఇంటర్ చదివే కుర్రాడు, పెరట్లో గొంతుక్కూర్చుని గొర్రెపిల్లని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడంచేత్తో దాని మూతి ఆకాశంకేసి ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో కూల్‌డ్రింక్ సీసాలోంచి పాలు పోస్తున్నాడు. వెనకనుంచి ఎవరిదో ఆడగొంతు "తాగు నాయినా, తాగు" అని బుజ్జగిస్తోంది. వీడియో కింద వరసగా ఎర్రగుండెలు, దండాలు. మా పెద్దత్త "నీ సెయ్యి సల్లగుండ" అని పెట్టింది.

నేను నాలుగుసార్లు చూశాను. పిల్ల చెవులు రెండూ వేలాడిపోయాయి. నాలుక సీసామూతిని చుట్టుకోవడం లేదు, ఊరికే పక్కకి జారి ఉంది. ఇరవయ్యో సెకను దగ్గర ఎడమ ముక్కులోంచి పాలబుడగ ఒకటి లేచి పగిలింది. అది చూశాక గుండె బొమ్మ పెట్టబుద్ధి కాలేదు. ఏదో రాయబోయి, నలుగురిలో కుర్రాడి పరువు తీయడమెందుకని చెరిపేశాను.

సాయంత్రం ఫోన్ చేశాను.

"మజ్జానానికే పోయిందప్పా" అన్నాడు.

"ఎప్పుడు ఈనింది?"

"లచ్చివారం రేత్రి. సుక్రారం అంతా తల్లి పక్కనే పడుకునుంది. ఇయాల పొద్దున్న లెగట్లేదు. అప్పుడు కదా తెచ్చి పాలు పట్టాను."

"మొదటి రాత్రి తల్లి దగ్గర తాగిందా?"

"తాగే ఉంటాది. ఎవులు సూసారు?"

ఆ చివరి మాట దగ్గరే నాకు పేచీ.

గజపతినగరం దాటాక చంపావతి ఏటికి ఆవలి పక్క మా ఊరు. నాన్నకి అరవై పైచిలుకు జీవాలు. నేను విజయనగరంలో ఒక ల్యాబులో టెక్నీషియన్ని. వారమంతా మనుషుల రక్తం, మూత్రం చూసుకుంటూ బతుకుతాను, శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరెళ్తాను. కాబట్టి నేను చెప్పేది పశువైద్యం చదివినవాళ్ళ మాట కాదు. అడిగి తెలుసుకున్నది కొంత, చేతులు కాల్చుకుని నేర్చుకున్నది కొంత. నాకు అనిపించేదేమిటంటే, బలహీనమైన పిల్లల మీద మా ఇళ్ళల్లో ప్రేమకేం కొదవ లేదు. కాకపోతే ఆ ప్రేమ రెండో రోజు మొదలవుతుంది, పిల్ల పడిపోయి మన కంట పడ్డాక. దాన్ని బతికించే పనులన్నీ మొదటి రాత్రివి. ఆ రాత్రి పిల్ల బలహీనంగా కనపడదు కూడా. కాస్త నెమ్మదిగా ఉంటుందంతే.

కడుపునిండా పాలతో

నాలుగేళ్ళ కిందటి ధనుర్మాసం. మా వైపు జీవాలు తొలకరి గడ్డి తిని ఆషాఢ శ్రావణాల్లో కడతాయి, అయిదు నెలలు మోసి మార్గశిర పుష్యాల్లో ఈనుతాయి. అంటే సరిగ్గా మంచు పట్టే రోజులకి. ఎరువు కోసం రాత్రిళ్ళు చేలో మంద పెట్టించుకుంటారు కదా, ఆ వారం మా మంద అలా ఊరికి దూరంగా ఒక రైతు చేలో ఉంది. తెల్లారగట్ల నాన్న ఒక పిల్లని తువ్వాలులో చుట్టి తెచ్చి, నా చేతిలో పెట్టి, మళ్ళీ మంద దగ్గరికి పోయాడు.

చదువుకున్నదాన్ని కదా. స్టవ్ వెలిగించి ఆవుపాలు గోరువెచ్చగా కాచాను, చెంచాడు పంచదార కలిపాను, మా అక్క కొడుకు పాలసీసా అటకమీద ఉంటే దింపి కడిగాను. పీక నోట్లో పెడితే చీకలేదు. సరేనని పీక తీసేసి కొంచెం కొంచెంగా పోశాను. రెండు గుటకలు వేసింది. ఆ రెండు గుటకలకి నేనెంత పొంగిపోయానో. వంద మిల్లీలీటర్లు పట్టించి, పొయ్యి దగ్గర గోనెపట్టా మీద పడుకోబెట్టాను. తొమ్మిదిన్నరకి దాని గొంతులో గురగుర మొదలైంది. పది కాకుండానే పోయింది.

అదే రోజు ఊళ్ళోకి టీకాలు వేయడానికి పశువుల డాక్టరుగారు వచ్చారు. నా ఉద్యోగం బుద్ధి ఊరుకోదు, బతిమాలి కోయించాను. పొట్ట తెరిచి చూపించారు. పోసిన పాలు పోసినట్టే ఉన్నాయి, విరిగి కూడా లేవు. ఊపిరితిత్తిని వేలితో నొక్కితే తెల్లటి నురగ వచ్చింది. "ఆకలితో పోయిందనుకున్నావా అమ్మా? కడుపునిండా పాలతో పోయింది" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

ఆయన చెప్పిందీ, తర్వాత నేను అడిగి తెలుసుకున్నదీ కలిపి చెప్తాను. పుట్టే పిల్ల ఒంట్లో గోధుమరంగు కొవ్వు కాస్త ఉంటుంది. అది మండుతూ పిల్లని వెచ్చగా ఉంచుతుంది. అయిదారు గంటల బత్తెం అనుకోండి. ఒళ్ళు తడిగా ఉండి చలిగాలి కొడితే ఇంకా ముందే అయిపోతుంది. ఈలోగా తల్లి పాలు పడితే సరేసరి. పడకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. బాగున్న పిల్ల ఒంటి వేడి 102 నుంచి 104 డిగ్రీల ఫారన్‌హీట్. 99 కిందికి జారిందంటే పేగుల కదలిక నిలిచిపోతుంది, మింగడం తప్పుతుంది. అప్పుడు పోసిన పాలు కొన్ని ఊపిరితిత్తుల్లోకి, మిగతావి కదలని పొట్టలోకి. నేను చేసిందదే.

పోనీ ముందు ఒళ్ళు కాచి ఉంటే బతికేదా అని అడిగాను. దానికీ ఒక మెలిక ఉంది. పుట్టి అయిదు గంటలు దాటి, తల కూడా ఎత్తలేకుండా ఉన్న పిల్లకి ముందుగా సెగ చూపిస్తే, వేడెక్కిన ఒళ్ళు చక్కెర అడుగుతుంది, రక్తంలో ఉండదు, ఫిట్స్ వచ్చి పోతుంది. అలాంటిదానికి మొదట డాక్టరు చేత దాని పొట్టలోకి గ్లూకోజు సూది వేయించాలి. 20 శాతం ద్రావణం, కిలో బరువుకి 10 మిల్లీలీటర్లు, ఒంటి వేడికి కాచి. తర్వాత సెగ. తల ఎత్తాక పాలు. అప్పుడే పుట్టి చల్లబడ్డదానికి ఇంత తతంగం అక్కర్లేదు, తుడిచి, సెగ చూపించి, వేడి తిరిగాక పాలు పడితే చాలు. వరస తప్పితే ఎంత ప్రేమగా పట్టినా ఒకటే.

పంచదార సంగతి కూడా అప్పుడే తెలిసింది. గొర్రెపిల్ల పేగుకి పంచదారని అరిగించుకునే శక్తి లేదు, బెల్లానికీ అంతే. పారుడు మిగులుతుంది. మందుల దుకాణంలో అమ్మే గ్లూకోజు పొడి వేరు, అది పనికొస్తుంది. మా చిన్నాన్న మూతెడు బ్రాందీ కూడా పడతాడు, "ఏడి పుడతాది" అని. ఒంట్లో మిగిలిన వేడిని సారా తోలు మీదికి లాక్కొచ్చి గాలికి వదిలేస్తుంది. పిల్లకి మూత పట్టాక సీసాలో మిగిలిన దాని సంగతి చిన్నాన్నే చూసుకుంటాడు. అందుకే ఆ వైద్యం ఇన్నాళ్ళుగా నడుస్తోందని పిన్ని అంటుంది.

ఇప్పుడు నేను పిల్లని చేతిలోకి తీసుకోగానే చేసే మొదటి పని చూపుడువేలు దాని నోట్లో పెట్టడం. బాగున్న పిల్ల ఆ వేలిని ఊరుకోనివ్వదు. నాలుకని దొన్నెలా మడిచి, వేలిని అంగిలికి అదిమి లాగుతుంది. ఇంత చిన్న ప్రాణానికి అంత లాగుడు ఎక్కడిదా అనిపిస్తుంది. లోపల వెచ్చగా, జారుగా ఉంటుంది. చల్లబడ్డ పిల్ల నోట్లో వేలు పెడితే తెల్లారగట్ల కుండనీళ్ళలో పెట్టినట్టే. నాలుక కదలదు. వేలు తీసేదాకా నోరు తెరిచిన మేరకే ఉండిపోతుంది. థర్మామీటర్ తర్వాత పెట్టొచ్చు, సీసా వైపు చెయ్యి పోకుండా ఆపడానికి ఆ వేలు చాలు.

మాయ పడేదాకా

అమ్మకీ నాకూ గొడవ ఇక్కడ. ఈనాక మాయ (ప్లాసెంటా) పడకుండా పిల్లని కుడవనివ్వకూడదని మా ఇంట్లో పట్టింపు. "ముందే తాగితే పారుకుంటాది" అంటుంది. మొదటి పాలు పసుపుగా, చిక్కగా, బంకగా ఉంటాయి, పిల్లకి అరగవని వాటిని నేలమీదికి పిండేసేవాళ్ళని మా వీధిలోనే చూశాను.

ఇదంతా మూఢత్వమని కొట్టిపారేయలేను. చన్నుమొనలో మైనంలాంటి బిరడా ఒకటి ఉంటుంది, ఒకటి రెండు ధారలు తీసి దారి చెయ్యడం మంచిదే. పారుడూ అమ్మ కళ్ళారా చూసిందే. పుట్టిన పిల్ల పేగులో తారులా నల్లగా ఒకటి ఉంటుంది, మొదటి పాలు తాగాక అది జారి బయటికొస్తుంది. రావాలి కూడా. చూసేవాళ్ళకి మాత్రం రోగంలా కనపడుతుంది. ఇక మాయ. పిల్ల పొదుగుని కుమ్మి కుడుస్తుంటే తల్లి ఒంట్లో పాలు చేపించే హార్మోనే మాయని కూడా తోస్తుంది. మాయ కోసం పాలు ఆపితే రెండూ ఆలస్యమే.

"మిమ్మల్ని కన్నప్పుడు మాత్రం మా అత్త నన్ను పట్టనిచ్చిందేటి?" అంది అమ్మ ఒకసారి. నేను పుట్టాక మూడు రోజులు పంచదార నీళ్ళలో ముంచిన గుడ్డపీలిక, ఒక ఆముదం చుక్క. అమ్మ తన మొదటి పాలు పెరటిగోడ మొదట్లో పిండేసిందట. "అయినా బతకలేదా నువ్వు?"

ఆ ప్రశ్న నన్ను కొన్నాళ్ళు తిప్పలు పెట్టింది. నిజమే, బతికాను. చివరికి నా పుస్తకాల్లోనే దొరికింది సమాధానం. మనిషి బిడ్డకి కడుపులో ఉండగానే మాయ గుండా, రోగాల్ని ఎదిరించే తల్లి యాంటీబాడీలు వచ్చేస్తాయి. మొదటి పాలు పోగొట్టుకున్నా నా రక్తంలో అమ్మ ఇచ్చిన పెట్టుబడి కొంత ఉంది. గొర్రె మాయ పొరలు వాటిని దాటనివ్వవు. గొర్రెపిల్ల ఆ విషయంలో ఉత్త చేతులతో పుడుతుంది. దానికి అందేదంతా జున్నుపాలలోనే అందాలి, అదీ పేగు వాటిని అలాగే రక్తంలోకి పోనిచ్చినంతసేపే. మొదటి ఆరు గంటలు బాగా పోనిస్తుంది, ఆ తర్వాత తగ్గుతూ వచ్చి ఒక రోజు గడిచేసరికి తలుపు మూసేస్తుంది. రెండో రోజు శేరు జున్నుపాలు పట్టినా ఆకలి తీరుతుందే గాని రక్షణ రాదు. ఈనడానికి నెల ముందు తల్లికి వేయించే చిటుకురోగం (జీవాల్ని ఉన్నట్టుండి చంపే జబ్బు) టీకా ఉంది చూశారా, దాని ఫలం పిల్లకి దిగేది కూడా ఈ పాలలోంచే.

ఇదంతా అమ్మకి విడమరిచి చెప్పాను. విని, "అయితే మా అత్త మాట మనుసులకే గాని గొర్రెలకి సెల్లదన్నమాట" అంది. అప్పట్నుంచి మాయ కోసం ఆగడం మానేసింది. మానేసింది అంటే, నేను ఉన్న రోజుల్లో.

లెక్క మాత్రం చిన్నదే. కిలో బరువుకి పూటకి 50 మిల్లీలీటర్లు, మొదటి రోజు మొత్తం కలిపి 200. రెండు కిలోల పిల్లకి వంద చొప్పున నాలుగుసార్లు. రెండు మంచినీళ్ళ గ్లాసులంత, నాలుగు విడతలుగా.

చిన్నాన్న లెక్క

చిన్నాన్నకి నూట ఇరవై జీవాలు. ఆయన సిద్ధాంతం ఇది: "బతికేది బతుకుద్ది, పోయేది పోద్ది. నీరసప్పిల్లలన్నింటినీ బతికించుకుంటూ పోతే మందంతా నీరసమైపోద్ది."

ఈ మాట వినగానే పట్నంలో నా తోటి ఉద్యోగులు మొహం చిట్లిస్తారు. నాకు అంత తేలిక కాదు, ఎందుకంటే ఆయన రోజు ఎలా గడుస్తుందో చూశాను. పొద్దున్న తోలుకెళ్తే పొద్దుగూకేదాకా నడకే. రాత్రి చేలో మంచం, కుక్కలకీ నక్కలకీ దొంగలకీ కాపలా. ఒకే రాత్రి మూడు ఈనిన రోజులుంటాయి. ఒక పిల్ల దగ్గర రెండు గంటలు కూర్చుంటే మిగతావాటిని ఎవరు చూస్తారు? 2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. రాత్రిపూట వాటి ఈతలు చూసేది ఎక్కువగా ఇలాంటి ఒంటరి మనిషే, చేతిలో ఒక టార్చి. "బతికేది బతుకుద్ది" అనేది నాకు వేదాంతంలా వినపడదు. మనిషి చాలని చోట మిగిలే మాట అది.

కానీ మంద నీరసపడిపోతుందనే రెండో సగం దగ్గర ఆయనతో వాదిస్తాను. పిల్ల నీరసం అన్నిసార్లూ రక్తంలోంచి రాదు. కడుపులో పిల్ల ఎదుగుదలలో దాదాపు 70 శాతం చివరి ఆరు వారాల్లోనే జరుగుతుంది. మాకు ఆ ఆరు వారాలు ఎప్పుడొస్తాయి? కార్తీకం, మార్గశిరం. వరి చేలన్నీ నిండుగా నిలబడి ఉంటాయి, కోతలు కాలేదు, గట్ల మీద కూడా జీవాల్ని రానివ్వరు. బీళ్ళలో గడ్డి ఎండిపోయి ఉంటుంది. చూడి గొర్రెకి ఎక్కువ మేత కావలసిన రోజులూ, మాకు మేత దొరకని రోజులూ ఒకటే. తల్లి ఎండిపోతే పిల్ల ఒంట్లో ఆ గోధుమరంగు కొవ్వు ఎక్కడినుంచి వస్తుంది, పొదుగులో జున్నుపాలు ఎక్కడినుంచి ఊరుతాయి? దాన్ని తెచ్చి వంశం మీద తోసేస్తే ఎలా?

"అయితే ఉలవలు పెట్టు" అన్నాను. రోజుకి గొర్రెకి రెండువందల గ్రాములు.

"మీ అరవైకే పన్నెండు కిలోలు. నలభై రోజులు. నాలుగువందల ఎనబై కిలోలు" అన్నాడు చిన్నాన్న, నేను ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచేలోపు. "నీ జీతంలో పెడతావేటి?"

నోరు మూసుకున్నాను. తర్వాత నాన్నా నేనూ కూర్చుని వేరేగా ఆలోచించాం. అన్నింటికీ అక్కర్లేదు. వెన్ను తడిమితే ఎముకలు చేతికి తగిలేవి, తొలిచూలువి, పొట్ట చూసి కవలలనిపించేవి. మా మందలో అవి పదిహేను తేలాయి. రోజుకి మూడు కిలోలు, ఉడకబెట్టిన ఉలవలు తవుడులో కలిపి. నలభై రోజులకి నూట ఇరవై కిలోలు. అది మా వల్ల అయింది.

ఒక్క చోట చిన్నాన్నే గెలిచాడు. మాకు ఒంటిచన్ను గొర్రె ఒకటి ఉండేది, పొదుగువాపు వచ్చి ఒక పక్క గట్టిపడిపోయింది. నాకు దాని మీద మమకారం. రెండేళ్ళు వరసగా దాని పిల్లలకి సీసా పాలే. మూడో ఏడు నాన్న అమ్మేశాడు, నేను అడ్డు చెప్పలేదు. ఈనినప్పుడల్లా పిల్లని వదిలేసిపోయే తల్లిని కూడా ఉంచుకోకూడదు.

నాన్న అభ్యంతరం ఇంకోటి, దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. "మనిసి వాసన తగిల్తే తల్లి పిల్లని ఒల్లదు" అంటాడు. గొర్రె తన పిల్లని వాసనతోనే గుర్తుపెట్టుకుంటుంది, ఆ గుర్తు కట్టేది ఈనిన మొదటి గంటల్లోనే. ఒకసారి నేను ఉత్సాహంగా పిల్లని కొత్త తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, ఇంటికి తెచ్చి, వెచ్చజేసి, మూడు గంటలకి తిరిగి తీసుకెళ్తే తల్లి దగ్గరికి రానివ్వలేదు. తల దించి కుమ్మింది. పిల్ల బతికింది, కానీ తల్లి ఉండీ లేనిదైపోయి సంక్రాంతి దాటేదాకా అమ్మ చేతిమీదే పెరిగింది. ఇప్పుడు వీలైనంతవరకు తల్లి ముందే చేస్తాం. ముక్కు, నోరు మాత్రం తుడిచి, మిగతా జిగురు దాన్నే నాకనిస్తాం. తల్లిని పట్టుకుని, పాలు పిండి, అక్కడే పడతాం. కానీ చేలో కరెంటు లేదు, సెగ లేదు. ఇంటికి తెస్తే వెచ్చదనం ఉంటుంది, తల్లి పోతుంది. చేలో ఉంచితే తల్లి ఉంటుంది, చలి ఉంటుంది. ప్రతి పిల్లకీ ఆ నిమిషంలో ఏదో ఒకటి ఎంచుకోవడమే. నేను ఎంచుకున్నవన్నీ సరైనవి కావు.

ఇక్కడ ఇంకో మాట. గొర్రెల పెంపకం మీద మీటింగు ఉందంటే కబురు నాన్నకి వస్తుంది. చంటిపిల్లల్ని గంప కింద మూసి ఇంట్లో ఉంచుకునేది, రెండు గంటలకోసారి లేచి చూసేది అమ్మ. నాన్న మీటింగుకి వెళ్ళి, అక్కడ చెప్పినదాంట్లో సగం దారిలో మరిచిపోయి, మిగతా సగం అమ్మకి చెప్పడం అనవసరం అనుకుంటాడు. నాన్నని అడిగితే, "నాకు సెప్తే దానికి సెప్పినట్టే కదేటి" అంటాడు.

98.6

పోయిన పుష్యంలో నేను ఇంట్లో ఉన్న రాత్రే ఒకటి కవలల్ని ఈనింది. ఆ వారం మంద మా సొంత చేలోనే, ఇంటి వెనకే. మొదటిది పుట్టిన అరగంటకే లేచి పొదుగు వెతుక్కుంది. రెండోది లేవలేదు. మూడు గంటలు గడిచాక వంటింటి స్ప్రింగ్ కాటాకి సంచిలో వేలాడదీస్తే కిలో మూడువందలు. థర్మామీటర్ పెడితే 98.6. మా ల్యాబులో ఆ అంకె చూస్తే మనిషికి జ్వరం లేదని సంతోషిస్తాం. అదే అంకె చూసి నా అరచేతులకి చెమట పట్టింది.

పుట్టి అయిదు గంటలు కాలేదు కాబట్టి గ్లూకోజు సూది అక్కర్లేదు. తుడిచి, అట్టపెట్టెలో ఊక పోసి, పైన గోనె పరిచి, వేన్నీళ్ళ సీసాలు రెండు గుడ్డ చుట్టి అటూ ఇటూ పెట్టాం. ముప్పావు గంటకి 101 దాటింది. తల ఎత్తింది, కానీ వేలిని లాగే బలం రాలేదు. ఈలోగా అమ్మ తల్లి దగ్గర పిండుకొచ్చింది. కిలో మూడువందలకి పూటకి 65 మిల్లీలీటర్లు. మనుషులకి ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబు నా సంచిలో ఉంది. ముక్కు కొస నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి గుర్తు పెట్టుకుని, గోరువెచ్చని నీళ్ళలో ముంచి, నాలుక పక్కగా నెమ్మదిగా దింపాను. దగ్గలేదు. దగ్గితే అది ఊపిరిగొట్టంలో ఉన్నట్టు, తీసెయ్యాలి. సిరంజి పిడి తీసేసి గొట్టాన్ని పైకి పట్టుకున్నాను. పాలు వాటంతటవే దిగాలి, తొయ్యకూడదు. అమ్మ టార్చి పట్టుకుని సిరంజిలో పాలమట్టం దిగడం చూస్తూ, తన చిన్నప్పుడు కిరసనాయిలు కొలిచి పోసేవాళ్ళు ఇలాగే అంది.

ఆ సీజనులో ఇలా అయిదింటికి చేశాం. మూడు మిగిలాయి. కిలో మూడువందలది ఆ మూడింట్లో ఒకటి. దాని కవల అయిదు నెలలకి మంచి ధరకి పోయింది. ఇది ఇప్పటికీ మందలో అందరికన్నా పొట్టి. చిన్నాన్న మా దొడ్డికి వచ్చినప్పుడల్లా దాన్నే చూపించి, "నీ ల్యాబు గొర్రె ఎలగుంది?" అని అడుగుతాడు. దాని మీద పెట్టిన నిద్రకీ, పాలకీ, ట్యూబుకీ లెక్క కడితే ఆయన నవ్వడంలో తప్పు లేదు. నాకది నష్టంలా అనిపించదు, కానీ అందరూ ఇలాగే చెయ్యాలని ఆయనకి చెప్పే ధైర్యమూ నాకు లేదు. నేను అడిగేది అంతకన్నా చిన్నది. ఈనిన రెండు గంటల్లోపు ఎవరో ఒకరు వెళ్ళి పిల్ల పొట్ట తడిమి, నోట్లో వేలు పెట్టి చూడాలి. లేచి తాగినదాన్ని ముట్టుకోకుండా వచ్చెయ్యొచ్చు. చాలావరకు అలాంటివే ఉంటాయి.

ఈ ఏడు మా పక్కింటి ఆవు దసరా ముందు ఈనింది. దూడ తాగాక మిగిలిన జున్నుపాలు రెండు గ్లాసులు అడిగి తెచ్చుకున్నాను. గొర్రె జున్నుపాలంత చిక్కన కావు, ఎప్పుడో ఒకసారి ఆవు పాలు పడక పిల్లకి రక్తం తగ్గడమూ ఉందట. అందుకని ఇంకో రెండు ఇళ్ళ ఆవులవీ కలిపాను, ఒక్క ఆవువే అయితే ఆ భయం ఎక్కువని. పుల్లైసు అమ్మేవాళ్ళు వాడే సన్నటి ప్లాస్టిక్ కవర్లలో పోసి, ముడేసి, తేదీ రాసి ఫ్రీజర్లో పెట్టాను. కరిగించేటప్పుడు వేన్నీళ్ళ గిన్నెలో ఉంచాలి తప్ప పొయ్యి ఎక్కించకూడదు. ఎక్కిస్తే ఏమవుతుందో మనకి చెప్పాలా, జున్నవుతుంది. గట్టిపడిన ఆ ముద్దలోనే యాంటీబాడీలూ పోతాయి.

తొమ్మిది కవర్లు పెట్టాను. నిన్న చూస్తే ఆరున్నాయి. మేనల్లుడు పాలైసు అనుకుని ఒకటి కొరికి ఉమ్మేశాడట. రెండింటితో అమ్మ పక్కవీధి బాలింతకి జున్ను చేసి పంపించింది. "మళ్ళీ ఈనదేటి ఆవు?" అంటోంది.

రెండు గొర్రెలకి పొదుగులు దిగాయి, ఈ వారమో వచ్చే వారమో ఈనుతాయి. రైల్స్ ట్యూబులు కొన్నాను, నాన్నకి ఫ్లాస్కు కొన్నాను, రాత్రి చేలోకి వేన్నీళ్ళు తీసుకెళ్ళడానికి. ఒక్కటే దొరకలేదు. గంప మీద వేలాడదీయడానికి పాతకాలం వంద వాట్ల గుండు బల్బు. విజయనగరంలో నాలుగు దుకాణాలు తిరిగాను. అందరూ ఎల్ఈడీ చూపించి, ఇది వేడెక్కదమ్మా, ఎంతసేపైనా వెయ్యొచ్చు అంటున్నారు.